ముందుగది ఎవరి కోసం?

రెడ్డిగూడెంలోని మా పాత పెంకుటిల్లు తీసివేసి, అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకోవాలని మా తమ్ముడు సంకల్పించాడు. మేస్త్రీ చేత గీయించిన ప్లాను కాగితాన్ని నిరుడు చలికాలంలో నా ముందు పరిచి, "చూసి చెప్పండి ఆపా, ఎలా ఉంది?" అని అడిగాడు. ఆ కాగితంలో నేను మొదట వెతికింది అమ్మీ మంచం ఎక్కడ పడుతుందా అని. ఎంత వెతికినా కనిపించలేదు.

ముందువైపు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవుతో డ్రాయింగ్ రూము. దాని వెనుక 10కి 12 అడుగుల భోజనాల గది. ఆపైన వంటగది, రెండు పడకగదులు. ఒకటి దంపతులకు, రెండవది పిల్లలకు. కొడుక్కి పన్నెండేళ్లు, కూతురికి పదేళ్లు. "మరి అమ్మీ?" అన్నాను. "హాల్లో ఒక పక్కన దివాన్ వేస్తాం కదా" అన్నాడు. ఆ మాట అన్న తరువాత వాడే కాసేపు మౌనంగా ఉండిపోయాడు. అతిథి వచ్చినప్పుడల్లా డెబ్బై దాటిన తల్లి మంచం మీద నుంచి లేచి ఎక్కడికి వెళ్లాలో ప్లానులో ఎవరూ గీయలేదు.

ఈ సమస్య మా ఒక్క ఇంటిది కాదు. మామిడి కాపు బాగున్న ఏడాదో, కొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపిన ఏడాదో మన కుటుంబాలు ఇల్లు మొదలుపెడతాయి. మొదలుపెట్టగానే ముందుగా నిర్ణయమయ్యేది ముందుగది. సోఫా ఏ రంగులో ఉండాలి, షోకేసు ఏ గోడకు పెట్టాలి, పైన సీలింగులో దీపాలు ఎన్ని అన్నది తేలిన తరువాతే మిగిలిన స్థలంలో మనుషులు ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న వస్తుంది.

లెక్క చూడండి. ఆ రెండు గదులూ కలిపితే 192, 120, మొత్తం 312 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న పట్టాల పంపిణీ మొదలైన పేదల ఇళ్ల పథకంలో గ్రామాల్లో ఇచ్చిన స్థలం ఒకటిన్నర సెంటు. అందులో కట్టుకోవలసిన ఇల్లు మొత్తం 340 చదరపు అడుగులు. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం ప్రకారం వంట చేసుకునే చోటుతో సహా ఇంటికి ఉండవలసిన కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు. అంటే ఒక కుటుంబం పడుకొని, వండుకొని, స్నానం చేసి, నమాజు చేసుకొని బ్రతకడానికి చాలునని ప్రభుత్వం అనుకున్న కనీస స్థలం కంటే మా తమ్ముడు కూర్చోవడానికీ తినడానికీ మాత్రమే కేటాయించిన స్థలం ఎక్కువ. మేస్త్రీ చదరపు అడుగుకు రెండు వేల చొప్పున లెక్క కట్టాడు. 312 అడుగులకు 6 లక్షల 24 వేలు. చేతిలో ఉన్న సొమ్ముకూ ప్లానుకూ మధ్య తేడా రెండు లక్షలు. ఆ తేడాను బ్యాంకు అప్పుతో పూడ్చాలన్నది ఆలోచన. వడ్డీ విషయంలో దివ్యఖుర్ఆన్ (2:278-279) ఎంత కఠినంగా హెచ్చరించిందో తెలియని ఇల్లు కాదు మాది. అయినా ఆ కాగితం చూస్తున్నంతసేపూ ఎవరికీ ఆ ఆయతు గుర్తు రాలేదు.

అయితే తమ్ముడి వాదనను తేలికగా తీసివేయడానికి వీల్లేదు. తోట ఉన్న ఇల్లు. పూత నిలిచిందని తెలియగానే కాపు కొనేవారు వస్తారు, దళారులు వస్తారు. నున్న మార్కెట్‌కు సరుకు మొదలైతే లారీవాళ్లు, కోతకూలీలు, లెక్కలు తేల్చుకునేవాళ్లు ఏ వేళప్పుడైనా వస్తారు. వచ్చినవాళ్లు కూర్చునే చోటు ఉండాలి. "రేపు పిల్ల పెద్దదవుతుంది. సంబంధం చూసుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగది చూసే ఇంటిని అంచనా వేస్తారు" అని కూడా అన్నాడు. ఈ రెండవ మాటకు జవాబు చెప్పాలని నాకు అనిపించలేదు. గోడకున్న రంగును బట్టి కోడలిని ఎంచుకునేవారు మన ఇంటికి రాకపోతే నష్టమేమీ లేదు.

నిజంగా ఆలోచింపజేసింది మా మరదలి మాట. "పాత ఇంట్లో పదిహేనేళ్లు కాపురం చేశాను ఆపా. మగవాళ్లెవరైనా వచ్చి సావిట్లో కూర్చుంటే నేను వంటింట్లోంచి బయటికి వచ్చే దారి లేదు. వాళ్లు రెండు గంటలు కూర్చుంటే నేనూ రెండు గంటలు పొయ్యి దగ్గరే. మే నెలలో కూడా. నాకు సోఫా అక్కరలేదు, దారి కావాలి." పరదా పాటించే ఇంటి స్త్రీకి ముందుగది అంటే ఆడంబరం కాదనీ, అది లేకపోతే ఇంటిలోపల ఆమె స్వేచ్ఛే తగ్గిపోతుందనీ ఆ మాటతో అర్థమైంది.

ఆ ఇబ్బంది ఎంత పాతదో హదీసు గ్రంథాలు చూస్తే తెలుస్తుంది. హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) వలీమా విందు రోజున భోజనం ముగిసినా కొందరు అతిథులు లేవకుండా కబుర్లలో మునిగిపోయారు. ఉన్నది ఒకటే గది. కొత్త పెళ్లికూతురు గోడవైపు ముఖం తిప్పుకొని కూర్చున్నారని సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం చెబుతోంది. దైవప్రవక్త (సఅసం) సిగ్గరి, వెళ్లిపొమ్మని చెప్పలేకపోయారు. బయటికి వెళ్లారు, తిరిగి వచ్చారు. వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అహ్‌జాబ్ సూరాలోని 53వ ఆయతు అవతరించిన సందర్భం అది. పిలవకుండా రావద్దనీ, వంట అయ్యేదాకా కాచుకొని కూర్చోవద్దనీ, తిన్న తరువాత మాటలలో పడి ఉండిపోవద్దనీ, ప్రవక్త సతీమణులను ఏదైనా అడగవలసి వస్తే తెర వెనుక నుంచి అడగమనీ అందులో ఆదేశం వచ్చింది.

గోడవైపు తిరిగి కూర్చున్న ఆ స్త్రీమూర్తి ఇబ్బందిని అల్లాహ్ ఎలా తీర్చాడో గమనించండి. మరొక గది కట్టమని ఆజ్ఞ రాలేదు. అతిథికి మర్యాద నేర్పే ఆజ్ఞ వచ్చింది, మధ్యలో తెర వచ్చింది. అంటే సమస్య నిజమైనదే, కానీ పరిష్కారం ఇంటి వైశాల్యంలో లేదు. వచ్చినవాడి ప్రవర్తనలో ఉంది, తలుపు ఎటు తెరుచుకుంటుందన్న దానిలో ఉంది.

తలుపు సంగతి మన మేస్త్రీలకు చెప్పి చేయించుకోవలసిన విషయం. ఎవరి ఇంటికైనా వెళ్లినప్పుడు దైవప్రవక్త (సఅసం) గుమ్మానికి ఎదురుగా నిలబడేవారు కాదు. కుడివైపో ఎడమవైపో నిలబడి సలాం చెప్పేవారు. ఆ రోజుల్లో ద్వారాలకు తెరలు ఉండేవి కావని అబూ దావూద్‌లోని ఉల్లేఖనం కారణం కూడా చెబుతోంది. అనుమతి లేకుండా ఇతరుల ఇళ్లలో ప్రవేశించవద్దనీ, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలనీ నూర్ సూరా (24:27-28) ఆదేశించింది. ఇప్పుడు మన కొత్త ఇళ్లను చూడండి. వాస్తు పేరుతోనో, గాలి పేరుతోనో వీధి గుమ్మం, హాలు గుమ్మం, వంటగది గుమ్మం ఒకే వరుసలో పెట్టేస్తున్నారు. గేటు దగ్గర నిలబడిన పాలవాడికి పొయ్యి మీద ఏమి ఉడుకుతోందో కనిపిస్తుంది. ముందు లక్షలు పోసి డ్రాయింగ్ రూము కట్టి, ఆ వరుసలో అమర్చిన తలుపులతో దాని ప్రయోజనాన్ని మనమే పోగొట్టుకుంటున్నాము. లోపలి గుమ్మాన్ని రెండు మూడు అడుగులు పక్కకు జరిపితే ఖర్చు పెరగదు.

దైవప్రవక్త (సఅసం) ఇంటిని ఒకసారి తలచుకుందాం. మస్జిదె నబవీని ఆనుకొని పచ్చి ఇటుకలతో, ఖర్జూరపు మట్టలతో కట్టిన చిన్న గదులవి. హుజురాత్ సూరాకు ఆ పేరు ఆ గదుల వల్లే వచ్చింది. కుర్రవాడిగా ఆ గదుల్లోకి వెళ్లిన హసన్ బస్రీ (రహ్మ) తన చేతికి పైకప్పు అందేదని చెప్పారు. దైవప్రవక్త (సఅసం) రాత్రి నమాజులో సజ్దా చేయవలసి వచ్చినప్పుడు, ఎదురుగా పడుకున్న హజ్రత్ ఆయిషా (రజి)ను మెల్లగా తాకేవారు. ఆమె కాళ్లు ముడుచుకునేవారు. బుఖారీలో ఆమే చెప్పిన మాట ఇది. ఒక మనిషి పడుకుంటే మరొకరు సజ్దా చేయడానికి చోటు చాలని గది! అలాంటి ఇంటికే అరేబియా నలుమూలల నుంచి తెగల నాయకులు, రాయబార బృందాలు తరలివచ్చాయి. వారిని ఎక్కడ కలుసుకున్నారు? మస్జిదులో. సఖీఫ్ తెగ బృందానికి మస్జిదు ఆవరణలోనే గుడారం వేయించారు. ప్రతినిధి బృందాలను కలుసుకున్న చోటు గుర్తుగా ఉన్న స్తంభాన్ని నేటికీ ఉస్తువానతుల్ వుఫూద్ అంటారు. ఇల్లు కుటుంబానికి, పెద్ద ఆతిథ్యం సమాజానికంతటికీ చెందిన చోట. మన ఊళ్లలో మస్జిదు వరండాలు, షాదీఖానాలు ఉండగా, ఏడాదికి ఒక్కసారి జరిగే అఖీఖాకో ఖుర్ఆన్ ఖానీకో సరిపడా హాలును ఇంట్లోనే కట్టుకోవాలనుకోవడం ఎందుకో నాకు బోధపడదు.

గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన మన అన్నదమ్ములు మజ్లిస్ గురించి చెబుతుంటారు. కువైట్‌లో దాన్నే దీవానియా అంటారు. బారులు తీరిన దిండ్లు, మధ్యలో కహ్వా, వచ్చేవారికి వీధి నుంచే వేరే ద్వారం. 2015లో యునెస్కో ఈ మజ్లిస్ సంప్రదాయాన్ని సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., ఒమన్, ఖతర్ దేశాల పేరిట మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవించదగిన సంప్రదాయమే. కానీ అక్కడ మజ్లిస్ ఖాళీగా ఉండదు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చొని తగాదాలు తీర్చుకుంటారు, పరామర్శకు వస్తారు, పిల్లలు పెద్దల మాటలు వింటూ పెరుగుతారు. మన డ్రాయింగ్ రూములో సోఫా మీద వేసిన ప్లాస్టిక్ తొడుగును పండగ రోజున తప్ప తీయము. అసలు డ్రాయింగ్ రూము అన్న మాటే ఇంగ్లీషు దొరల ఇళ్లలోని 'విత్‌డ్రాయింగ్ రూము' నుంచి కుదించుకొని వచ్చింది. భోజనం తరువాత నలుగురిలోంచి తప్పుకొని వెళ్లి కూర్చునే గది అని దాని అర్థం. అతిథుల కోసం అని మనం కట్టుకుంటున్న గది పేరు తప్పుకోవడం నుంచి పుట్టిందంటే నవ్వొస్తుంది.

ఇక భోజనాల గది. హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్‌ను నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టారు. తరువాత అది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. అందులోని భోజనాల బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. ఇవాళ ఆ భవనం హోటలు. అంత గొప్ప బల్లకూ చివరికి కూర్చునేవాళ్లను డబ్బులిచ్చి వచ్చేవారిలోనే వెతుక్కోవలసి వచ్చింది. మన ఇళ్లలోని ఆరు కుర్చీల బల్ల గతి కూడా చాలాచోట్ల చూశాను. ఒక మూల మందుల డబ్బా, ఒక మూల కరెంటు బిల్లులు, మధ్యలో ఇస్త్రీకి ఇవ్వవలసిన బట్టలు. భోజనం మాత్రం టీవీ ముందు చాప మీద. ఇది మన బద్ధకం మాత్రమే అనుకునేదాన్ని. లాస్ ఏంజిలిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలో కూర్చొని, ఎవరు ఏ గదిలో ఎంతసేపు ఉంటున్నారో గమనించి 2012లో పుస్తకం వేశారు. అక్కడా అదే తంతు. అందరూ వంటగది చుట్టూ, టీవీ గదిలోనే మూగుతున్నారు. ముస్తాబు చేసిన ముందుగదులు, భోజనాల గదులు చాలావరకు వాడుక లేకుండా ఉండిపోతున్నాయి.

దైవప్రవక్త (సఅసం) ఎత్తైన బల్ల మీద భోజనం చేయలేదనీ, నేలమీద పరిచిన సుఫ్రా మీద తినేవారనీ హజ్రత్ అనస్ (రజి) బుఖారీలో తెలియజేశారు. ఇది ఆయన నిరాడంబర జీవితానికి సాక్ష్యమే తప్ప బల్ల మీద తినడం నిషిద్ధమన్న తీర్పు కాదు. ఈ తేడా తెలియక కొందరు కుర్చీలో కూర్చొని తినేవారిని నిష్ఠూరమాడుతుంటారు. మా అమ్మీకి మోకాళ్లు వంగవు. ఆమెను దస్తర్‌ఖాన్ దగ్గర కింద కూర్చోబెట్టడం సున్నతు అనుకోవడం కంటే కుర్చీ, చిన్న బల్ల వేయడమే ధర్మం. మరొక నిజం కూడా చెప్పాలి. ఎనిమిది మంది కింద కూర్చుంటే వాళ్లకూ బల్లంత చోటే కావాలి. కాకపోతే అరగంటలో దస్తర్‌ఖాన్ మడిచి అలమారలో పెడితే ఆ చోట పిల్లవాడు హోంవర్కు చేసుకుంటాడు, మరికొంతసేపటికి అక్కడే జానమాజ్ పరుస్తారు, రాత్రికి అక్కడే పరుపు పడుతుంది. బల్ల మాత్రం ఇరవై నాలుగు గంటలూ దాదాపు నూరు చదరపు అడుగులను ఆక్రమించుకొనే ఉంటుంది. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని ఖుర్ఆన్ (24:61) అంటోంది. కలిసి తింటే బర్కత్ అని హదీసు. గది గురించి రెండింటిలోనూ ఒక్క మాట లేదు.

గదుల గురించి ధర్మం స్పష్టంగా మాట్లాడిన చోటు వేరే ఉంది, అది పడక. పదేళ్లు వచ్చిన పిల్లల పడకలు వేరు చేయమని అబూ దావూద్‌లోని హదీసు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాల్లో ఇంట్లోని పిల్లలు సైతం అనుమతి అడిగి లోపలికి రావాలని నూర్ సూరా 58వ ఆయతు. అనుమతి అడగాలంటే మొదట తలుపున్న గది ఉండాలి కదా! మా తమ్ముడి ప్లానులో పన్నెండేళ్ల కొడుకుకూ పదేళ్ల కూతురుకూ కలిపి ఒకే గది ఉంది, సోఫాకు మాత్రం ప్రత్యేకంగా గది ఉంది. ఇంటిలో పరుపులు ఎన్ని ఉండాలో సహీహ్ ముస్లింలో ఒక హదీసు లెక్క చెబుతుంది. భర్తకు ఒకటి, భార్యకు ఒకటి, మూడవది అతిథికి, నాలుగవది షైతానుకు. అతిథి వాటా అందులో ఉంది, అది ఎవరూ కొట్టివేయలేరు. కానీ అది మూడవది, మొదటిది కాదు.

నేను తమ్ముడికి చెప్పింది ఒక్కటే. ఒక నెల రోజులు పుస్తకంలో రాయమన్నాను. ఎవరు వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఎంతసేపు ఉన్నారు, ఆ సమయంలో ఇంట్లోవాళ్లు ఎక్కడ ఉన్నారు. మరదలే రాసింది. తోట పని మీద వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పులు కూడా విప్పలేదు. వసారాలో కుర్చీ మీద కూర్చొని, నీళ్లు తాగి, మాట తేల్చుకొని వెళ్లిపోయారు. లోపలికి వచ్చి కూర్చున్న పరాయి మగవారు నెల మొత్తానికి నలుగురు. రాత్రి ఉండిపోయినవారు మా మామూ, ముమానీ, వాళ్లు రెండు రోజులు అమ్మీ పక్కనే మంచాలు వేయించుకొని పడుకున్నారు. సోఫా మీద కూర్చోవలసిన అతిథి అంటూ ఎవరూ తేలలేదు.

ఆ పుస్తకం ముందు పెట్టుకొని ప్లాను మళ్లీ గీయించారు. భోజనాల గది పోయింది. ముందుగది 12కి 12 అయింది, అదే కుటుంబమంతా కూర్చునే గది, అదే భోజనం చేసే చోటు. వసారాను మాత్రం తగ్గించనివ్వలేదు. వంటగది గుమ్మం ముందుగదిలోకి కాకుండా పక్కనున్న నడవలోకి తిరిగింది. ఆ నడవ వెంట పెరట్లోకీ పడకగదుల్లోకీ దారి ఉంది. మా మరదలు అడిగిన దారి అదే. ముందుగదికీ నడవకూ మధ్య తలుపు కాదు, మందపాటి పరదా. 10కి 10 అడుగుల గది అమ్మీకి వచ్చింది, మనవరాలు ఆమెతో పడుకుంటుంది, మనవడికి వేరే గది మిగిలింది. తగ్గిన 68 చదరపు అడుగులకు లక్షా 36 వేలు. సోఫా సెట్టు, బల్ల, సీలింగు పనులు మానుకుంటే బ్యాంకు దగ్గరికి వెళ్లే పని లేకుండా పోయింది.

అందరి ఇళ్లకూ ఇదే కొలత కుదరదు. ఇంట్లోనే ఖుర్ఆన్ చదువు చెప్పే ఉస్తాద్, ట్యూషన్లు చెప్పే టీచరు, రోగులను చూసే వైద్యుడు, పంచాయితీలకు నలుగురు వచ్చే పెద్దమనిషి, వీరి ఇళ్లకు వేరే ద్వారం ఉన్న ముందుగది కావాలి. అక్కడ అది ఆడంబరం కాదు, ఇంట్లోని స్త్రీలకు రక్షణ. అన్నదమ్ములు కలిసి ఉండే ఉమ్మడి ఇంట్లోనూ అంతే, మరదళ్లకు బావల ముందు నుంచి తిరగవలసిన అవసరం తప్పాలంటే ఒక గది అదనంగా ఉండటమే మేలు. విశాలమైన ఇల్లు కూడా మనిషి అదృష్టంలో భాగమేనని హదీసు ఉంది. కలిగినవాడు కట్టుకుంటే అసూయపడనక్కరలేదు. అయితే అతిథి వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్రాహీం (అలై) ఏం చేశారో కూడా ఖుర్ఆన్‌లో ఉంది (51:24-27). చప్పుడు చేయకుండా ఇంట్లోవాళ్ల దగ్గరికి వెళ్లారు, బలిసిన దూడ మాంసం తెచ్చారు, అతిథులకు దగ్గరగా పెట్టారు. వారిని ఎక్కడ కూర్చోబెట్టారో చెప్పలేదు.

మా అబ్బా బతికున్న రోజుల్లో మే నెల వస్తే పాత ఇంటి సావిట్లో మనిషి కూర్చునే చోటే ఉండేది కాదు. గోడ నుంచి గోడ దాకా వరిగడ్డి, గడ్డిలో చిన్న రసాలు మాగుతుండేవి. ఎవరు వచ్చినా వసారాలో నులకమంచం వాల్చేవారు, లోపలి నుంచి రెండు పళ్లు తెప్పించి కడిగి చేతిలో పెట్టేవారు. ఈ సీజనులో కొత్త ఇంటికి స్లాబు పడింది, తలుపులు ఇంకా బిగించలేదు. మొన్న వెళ్లి చూస్తే ఆ 12కి 12 గదిలో మేస్త్రీ సామాను ఒక మూలకు నెట్టి, మా తమ్ముడు గడ్డి పరుస్తున్నాడు. బయట కుర్చీలో కూర్చున్న అమ్మీ, "బంగినపల్లి వేరే వెయ్యరా, రసాలతో కలపకు" అని కేకేసి చెబుతోంది.